ముక్క తగలకుండా: కూరగాయలు తినని పిల్లలున్న ఇంట్లో వంట

పిల్లలు కూరగాయలు తినడం లేదని ఎవరితోనైనా అంటే మొదట వచ్చే సలహా ఒకటే: సన్నగా తరిగి వేయండి, తెలియకుండా తినేస్తారు. నేను అలా చేయవద్దని చెబుతాను. కూరగాయను ఆనవాలు లేకుండా కరిగించండి, లేదంటే పిల్లలు తమ వేళ్లతో తీసి పక్కన పెట్టుకోగలిగినంత పెద్ద ముక్కగా వేయండి. ఈ రెండింటికీ మధ్యలో ఉన్నదంతా పేచీయే. సన్నగా తరిగిన బీన్స్ వేసిన ఉప్మా ముందు పెడితే, వద్దనుకునే పిల్లకు ప్రతి ముద్దా ఒక వెతుకులాట. గింజంత ముక్కను నాలుక కొసకు తెచ్చుకుని, తీసి, పళ్లెం అంచున అంటిస్తుంది. చివరికి ఉప్మా అంటేనే అనుమానం పుడుతుంది. అంతవరకు ఇష్టంగా తిన్న వంటకం ఒకటి చేజారిపోతుంది.

మాది హైదరాబాద్‌లోని మోతీనగర్. నా భార్య నర్సు, తెల్లవారకముందే డ్యూటీకి బయలుదేరుతుంది. నా ఉద్యోగం మధ్యాహ్నం మొదలవుతుంది కాబట్టి పొద్దుటి వంట, బడికి పంపే డబ్బా నా బాధ్యత. మా అమ్మాయికి ఆరేళ్లు. తెల్లన్నం, పెరుగు, బంగాళాదుంప వేపుడు, గుడ్డు, చికెన్, ఇడ్లీ, దోసె, చారు తప్ప మరొకటి ముట్టుకునేది కాదు. మా అమ్మ మాతోనే ఉంటుంది, ఆమె పుట్టింది సిద్దిపేట వైపు. భీమవరం నుంచి అత్తయ్య అప్పుడప్పుడూ వచ్చి కొన్ని నెలలు ఉంటారు. కింద చెప్పే పద్ధతుల్లో సగం వాళ్లిద్దరి చేతివంటలోంచి తీసుకున్నవి.

ముందుగా, పేచీ దేనితోనో కనిపెట్టండి

"కూరగాయలు తినదు" అని ఒక్క మాటలో అనుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. ఒక వారం పాటు బతిమాలకుండా, బెదిరించకుండా, పళ్లెం అంచున ఏం మిగులుతోందో చూడండి.

కొందరికి కంటితో పేచీ. ఆకుపచ్చగా ఏది కనిపించినా నోరు తెరవరు. పాలకూర పప్పు వద్దనే పిల్లలే ఆ పాలకూరను రాగి రొట్టెలో కలిపితే తింటారు, రాగి రంగు ఆకును కప్పేస్తుంది కాబట్టి. కొందరికి వాసన పడదు. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి ఎంత ఎక్కువసేపు ఉడికితే గంధకపు వాసన అంత పెరుగుతుంది. వాటిని కుక్కర్లో పెట్టకుండా వెడల్పు మూకుడులో మూత వేయకుండా, పెద్ద మంట మీద త్వరగా వేయించి దించితే వాసన చాలావరకు రాదు. మరికొందరికి చేదు పడదు. పిల్లల నాలుకకు చేదు పెద్దవాళ్లకంటే గట్టిగా తెలుస్తుంది. మనకు కమ్మగా ఉన్న మెంతికూర వాళ్లకు నోట పెట్టుకోలేనంత చేదుగా ఉండవచ్చు, అది మొండితనం కాదు. తగినంత ఉప్పు, చిటికెడు బెల్లం ఆ చేదును అణుస్తాయి.

నాలుగో రకం పిల్లలకు పంటికి తగిలేదే పడదు. బీన్స్ పీచు, బెండకాయ జిగురు, వంకాయ గింజలు, టమాటా తొక్క. మా అమ్మాయి ఈ రకం. టమాటా చారు గ్లాసులో పోసుకుని తాగుతుంది, కానీ టమాటా తొక్క పెదవికి తగిలితే ముద్ద బయటికి వచ్చేస్తుంది. అంటే రుచితో ఆమెకు గొడవ లేదు. ఇది తెలిసిన తర్వాత వంట సులువైంది.

రెండేళ్ల నుంచి ఆరేళ్ల వరకు కొత్త తిండిని చూసి వెనకాడటం చాలామంది పిల్లల్లో సహజంగా వచ్చే దశ. ఏడాది వయసులో సొరకాయ గుజ్జు చక్కగా తిన్న పాప మూడో ఏట దాన్ని తోసేస్తే తల్లి పెంపకంలో లోపం ఏమీ లేదు. ఈ మాట ఇంట్లో పెద్దవాళ్లకు చెప్పి ఒప్పించడం అన్నిటికంటే ముఖ్యం. కోడలిని నిందించే మాటలు భోజనం దగ్గర మొదలైతే పిల్లలకు ఆ కూరగాయ కనిపించగానే గొడవే గుర్తొస్తుంది.

పప్పు దగ్గర మొదలుపెట్టండి

తెలుగు ఇంట్లో కూరగాయ దాచడానికి పప్పును మించిన చోటు లేదు. రోజూ వండుతాం, చిక్కగా ఉంటుంది, పులుపూ తాలింపూ పైన ఉంటాయి, మెదపడం ఎలాగూ అలవాటే.

నలుగురి ఇంటికి 200 గ్రాముల కందిపప్పు తీసుకుంటే, మొదటిసారి అరచేతిలో ఇమిడేంత సొరకాయ ముక్క, సుమారు 100 గ్రాములు, చాలు. చెక్కు తీయండి. మధ్యలో గింజలు, దూదిలాంటి గుజ్జు ఉంటే తీసేయండి. అవి ఉడికినా పంటికి తగులుతాయి. ముక్కలు కోసి పప్పుతో పాటు కుక్కర్లో వేయండి. సొరకాయ నీరు వదులుతుంది కాబట్టి మామూలుగా పోసే నీటిలో పావు వంతు తగ్గించండి, లేకపోతే పప్పు పలచబడి తేడా తెలిసిపోతుంది. పసుపు, ఒక చెంచా నూనె, రెండు టమాటాలు తొక్క తీసి వేయండి. చింతపండు మాత్రం ఇప్పుడు వేయకూడదు. పులుపు తగిలితే పప్పూ కూరగాయా రెండూ మెత్తబడటానికి మొరాయిస్తాయి.

మూత తీయగానే, ఆవిరి పోకముందే, ఉప్పు కూడా వేయకముందే పప్పుగుత్తి తీసుకోండి. గిన్నె గోడకు ఆనించి నెమ్మదిగా నూరినట్లు మెదపాలి. పైనుంచి దంచితే ముక్కలు చెదిరి పక్కలకు పోతాయి. కాసేపటికి గాజులా మెరిసే ముక్కలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతాయి. గరిటెతో తీసి వెలుతురులో వంచి చూడండి, జారే పప్పులో ఎక్కడా గడ్డ కనిపించకూడదు. అప్పుడు చింతపండు రసం, ఉప్పు, కారం వేసి ఒక పొంగు రానివ్వండి. తాలింపు నెయ్యితో పెట్టండి. జీలకర్ర, వెల్లుల్లి, ఎండుమిర్చి సరే. కరివేపాకును నెయ్యిలో వేయించి, వాసన దిగాక రెబ్బ మొత్తం తీసేయండి. నెయ్యి రుచికోసమే కాదు. క్యారెట్, గుమ్మడి, ఆకుకూరల్లో ఉండే కెరోటిన్ ఒంటికి పట్టాలంటే కొవ్వు తోడు కావాలి.

రుచిలో ఎవరికీ తేడా తెలియలేదంటే వారానికి కొద్దికొద్దిగా పెంచండి. పప్పు, సొరకాయ సమాన బరువు వరకు వెళ్లవచ్చు. అంతకు మించితే పప్పు తన రుచి పోగొట్టుకుంటుంది.

లేత బీరకాయ ఇంకా బాగా కరుగుతుంది. తీపి గుమ్మడి రంగు పప్పు రంగులో కలిసిపోతుంది కానీ తియ్యదనం తెలుస్తుంది, అందుకని పులుపు, కారం ఒక పిసరు ఎక్కువ వేయాలి. ఆకుకూరల్లో చుక్కకూర మన పక్షం. దానికి మిక్సీ కూడా అవసరం లేదు, వేడికి తనంతట తానే కరిగి పులుపునిస్తుంది. పాలకూరను మరిగే నీళ్లలో ఒక నిమిషం ముంచి, చల్లటి నీళ్లలో వేసి, మిక్సీలో మెత్తగా చేసి చివర్లో కలపండి. కంటితో పేచీ ఉన్న పిల్లలకు మాత్రం ఇది పనికిరాదు. బచ్చలికూర జిగురు పంటిపేచీ పిల్లలకు వెంటనే తెలుస్తుంది, దాని జోలికి వెళ్లకండి.

చేదు చూడకుండా ఏదీ కలపవద్దు

ఇది అన్నిటికంటే పెద్ద జాగ్రత్త. దోసకాయ కోసేటప్పుడు చిన్న ముక్క నోట్లో వేసుకుని చేదు చూడటం మన ఇళ్లలో అందరికీ అలవాటే. సొరకాయకు, బీరకాయకు, పొట్లకాయకు కూడా అదే అలవాటు చేసుకోండి. ఈ జాతి కాయల్లో ఒక్కోసారి కుకర్బిటాసిన్ అనే చేదు పదార్థం ఎక్కువగా తయారవుతుంది. అది విషం. వాంతులు, విరేచనాలు, కడుపులో తీవ్రమైన నొప్పి తెస్తుంది, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ఉడికించినా పోదు. మామూలు కూరలో అయితే తినేవాళ్లు చేదుగా ఉందని ఉమ్మేస్తారు. మనం చేస్తున్న పని రుచి తెలియకుండా దాచడం కదా, పులుపు, కారం, నెయ్యి మధ్య ఆ హెచ్చరిక కూడా దాగిపోవచ్చు. అందుకే ప్రతి కాయనూ పచ్చిగా చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఉమ్మేసి కాయ మొత్తం పారేయండి. ముప్పై రూపాయల కాయ కోసం ఆలోచించవద్దు.

దాల్చా: కరిగినదీ కనిపించేదీ ఒకే గిన్నెలో

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు ఇది చెప్పాల్సిన పని లేదు, అయినా చెబుతాను. బగారా అన్నంతో వడ్డించే మటన్ దాల్చాలో సొరకాయ ఎప్పుడూ ఉండేదే. నేను చేసే మార్పల్లా ఆ సొరకాయను రెండు భాగాలు చేయడం.

అర కిలో మటన్‌ను అల్లం వెల్లుల్లి, ఉల్లిపాయ, పసుపు, కారంతో విడిగా మెత్తగా ఉడికించుకోవాలి. ఒక కప్పు శనగపప్పు, దానికి సగం కందిపప్పు, పావు కిలో సొరకాయ కలిపి కుక్కర్లో పెట్టి, మెత్తబడ్డాక పప్పుగుత్తితో నలగ్గొట్టాలి. శనగపప్పు మొండిది, ముందుగా గంటసేపు నానబెడితేనే లొంగుతుంది. మటన్‌లో ఈ పప్పు, చింతపండు రసం, కొత్తిమీర, పుదీనా వేసి మరగనిచ్చే సమయంలో మిగిలిన సొరకాయను బొటనవేలంత పొడవు ముక్కలుగా వేసి, విరగకుండా ఉడికించండి.

ఇప్పుడు పళ్లెంలో ఏం జరుగుతుందో చూడండి. పిల్లకు పెద్ద ముక్కలు కనిపిస్తాయి. తీసి పక్కన పెడుతుంది. ఎవరూ ఏమీ అనరు. మిగిలిన పులుసును అన్నంలో కలుపుకుని తృప్తిగా తింటుంది, అందులో కరిగిన సొరకాయ ఉండనే ఉంది. పెద్ద ముక్కను చూసింది, ముట్టుకుంది, వాసన తెలిసింది, వద్దనే హక్కు కూడా తన దగ్గరే ఉంది. ఒకే గిన్నె ఒంటికి కావలసినదీ ఇచ్చింది, కంటికి పరిచయమూ చేసింది. నేను వండేవాటిలో నాకు అన్నిటికంటే నమ్మకమైన వంట ఇదే.

ఖీమాలో తురిమిన క్యారెట్‌ను ఉల్లిపాయతో పాటు ఎర్రగా వేయిస్తే ఖీమా పలుకుల్లో కలిసిపోతుంది. ఇక్కడ తురుము పనికొస్తుంది, ఖీమాకు అలాంటి పలుకే ఉంటుంది కాబట్టి. చికెన్ గ్రేవీకి ఉడికించిన గుమ్మడి, క్యారెట్ గుజ్జు రెండు గరిటెలు కలిపితే చిక్కదనం వస్తుంది, రంగు మారదు. కోడిగుడ్డు పొరటులో బీరకాయ వేయడం మన ఇళ్లలో ఉన్నదే. పంటిపేచీ పిల్లలకు బీరకాయను ముందు విడిగా నీరింకేదాకా మగ్గించి, మెదిపి, అప్పుడు గుడ్లు కొట్టి పోయండి.

పొద్దుటి టిఫిన్లు

దోసెలో పాలకూర, బీట్‌రూట్ గుజ్జు కలిపి రంగులు చేయడం తెలిసిందే. రంగును ఇష్టపడే పిల్లలున్న ఇంట్లో బాగుంటుంది. మా ఇంట్లో తెల్ల దోసె తెల్లగానే ఉండాలి. అందుకని సొరకాయ అట్లు వేస్తాను. రెండు కప్పుల బియ్యం నాలుగు గంటలు నానబెట్టి, చెక్కూ గింజలూ తీసిన సొరకాయ ముక్కలు ఒక కప్పు, ఉప్పు, జీలకర్ర వేసి రుబ్బండి. నీళ్లు దాదాపు అక్కరలేదు, కాయలోని నీరే సరిపోతుంది. పులియబెట్టాల్సిన పని లేదు. పెనం బాగా కాలాక పలచగా పోసి, అంచులు లేచేదాకా కదపకండి. ఈ పిండి మినప్పిండి అంత సాగదు, తొందరపడితే చిరిగిపోతుంది.

బీట్‌రూట్ వాడితే ఒక సంగతి గుర్తుంచుకోండి. మరుసటి రోజు పిల్లల మూత్రం, మలం ఎర్రగా కనిపించవచ్చు. రక్తమేమోనని కంగారుపడేముందు నిన్న ఏం తిన్నారో తలుచుకోండి.

సర్వపిండి మా అమ్మ విభాగం. నేను మిక్సీలో ఒక్క తిప్పు తిప్పిన సొరకాయ తురుమును ఆమె పిండిలో వేయబోతే నవ్వింది. "ఇది నువ్వు కనిపెట్టింది కాదు నాన్నా, మా అమ్మ కూడా వేసేది. సొరకాయ వేస్తే పిండి మెత్తగా ఉంటుంది, చల్లారినా గట్టిపడదు" అంది. రెండు కప్పుల బియ్యప్పిండికి ఒక కప్పు తురుము, నువ్వులు, పల్లీలు, ఉల్లిపాయ, కారం, ఉప్పు. తురుములోని నీటితోనే పిండి కలపాలి, చాలకపోతేనే నీళ్లు చిలకరించాలి. మందపాటి గిన్నెకు నూనె రాసి, పిండిని చేత్తో పలచగా ఒత్తి, వేలితో రంధ్రాలు చేసి, ప్రతి రంధ్రంలో నూనె చుక్క వేసి, మూతపెట్టి సన్నని సెగ మీద అడుగు ఎర్రబడేదాకా ఉంచాలి. కరకరలాడే నువ్వులు, పల్లీల మధ్య మెత్తని తురుము పంటికి తగలదు. పెద్దవాళ్లకు నానబెట్టిన శనగపప్పు కూడా వేస్తుంది, మనవరాలికి చేసే గిన్నెలో మానేస్తుంది.

అత్తయ్య ఉన్నప్పుడు బీరకాయ చెక్కు కూడా వృథా పోదు. "చెక్కు పారేయకండి బాబూ, పొట్టు పచ్చడి చేద్దాం" అంటారు. నూనెలో చెక్కును బాగా వేయించి, వేయించిన మినప్పప్పు, మిరపకాయలు, చింతపండుతో నూరతారు. పెద్దవాళ్లకు రోట్లో బరకగా, పాపకు మిరపకాయలు తగ్గించి మిక్సీలో వెన్నలా. వేడి అన్నం, నెయ్యి, ఆ పచ్చడి కలిపి ఆమె చేతిముద్ద పెడితే పాప ఇంకో ముద్ద అడుగుతుంది.

పొడులను మరిచిపోవద్దు. అందరూ ఏరి పారేసే కరివేపాకూ, మునగాకూ పొడిగా మారితే ఏరడానికి ఏమీ మిగలదు. ఆకును కడిగి, గుడ్డ మీద నీడన పూర్తిగా ఆరబెట్టి, సన్నని సెగ మీద గలగలలాడేదాకా వేయించి, మినప్పప్పు, ధనియాలు, జీలకర్ర, ఎండుమిర్చి, వెల్లుల్లి, చింతపండుతో పొడి చేయాలి. తేమ మిగిలితే బూజు పడుతుంది. ఇడ్లీతో నెయ్యి కలిపి పెట్టండి.

పెళ్లిళ్లలో వడ్డించే కద్దూ కీ ఖీర్ కూడా సొరకాయే, చాలామంది పిల్లలు తెలియకుండానే రెండు కప్పులు తింటారు. నేను మాత్రం దాన్ని కూరగాయల లెక్కలో వేయను. అందులో చక్కెర ఎక్కువ, ఇంట్లో దాన్ని మార్గంగా చేసుకుంటే పిల్లలకు తీపి అలవాటవుతుంది.

కొనేటప్పుడు, నిల్వ చేసేటప్పుడు

కరిగిపోవాలంటే కాయ లేతగా ఉండాలి. సొరకాయ మీద నూగు కనిపించాలి, గోరు ఆనిస్తే దిగిపోవాలి. బీరకాయ వంచితే కొద్దిగా వంగాలి. ముదిరిన కాయను మిక్సీ కూడా దాచలేదు, పీచు మిగులుతుంది. 1999లో రైతు బజార్లు మొదలయ్యాయి, మాకు దగ్గర ఎర్రగడ్డలో ఉన్నదే. ఆదివారం పొద్దున్నే వెళ్తే పొలం నుంచి వచ్చిన కాయ దొరుకుతుంది. ధరల బోర్డు మా అమ్మాయితోనే చదివిస్తాను, ఒక కూరగాయను తననే ఎంచుకోమంటాను. వండాక తింటుందన్న షరతు పెట్టను.

ఇంటికి వచ్చాక గుమ్మడి, క్యారెట్ కలిపి ఇడ్లీ పాత్రలో ఆవిరి మీద ఉడికించి, మిక్సీ వేసి, ఐసు గడ్డల ట్రేలో పోసి డీప్ ఫ్రిజ్‌లో పెడతాను. గట్టిపడ్డాక సంచిలోకి మార్చి, నెలలోపు వాడేస్తాను. పొద్దున్నే గుడ్డు కూరలోకి రెండు గడ్డలు, చపాతీ పిండిలోకి నీటికి బదులు నాలుగు. తడబడకుండా వారం గడుస్తుంది.

ఇందువల్ల పాపకే కాదు, ఇంటిల్లిపాదికీ మేలు. 1958 నుంచి మన నగరంలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, 2000 కిలో క్యాలరీలు తినే పెద్దవాళ్ల పళ్లెంలో రోజుకు ఆకుకూరలతో కలిపి 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు ఉండాలని చెప్పింది. 400 గ్రాములంటే ఒక్కొక్కరికి చిన్న సొరకాయంత. తాము ఎంత తింటున్నారో పెద్దవాళ్లు కూడా ఒకసారి తూచి చూసుకోవాలి. నాకు రాత్రి డ్యూటీలున్న రోజుల్లో అన్నం, ఆవకాయతో సరిపెట్టుకునే అలవాటు ఉండేది. ఇప్పుడు ఆ పప్పే నేనూ తింటున్నాను.

దాచడం ఒక్కటే చేయకండి

కరిగించిన సొరకాయ ఒంటికి పోషణ ఇస్తుంది కానీ సొరకాయ తినడం నేర్పదు. పిల్లలు ఒక కూరగాయకు అలవాటుపడాలంటే దాన్ని చూడాలి, ముట్టుకోవాలి, రుచి చూడాలి. ఎనిమిది, పది, కొందరికి పదిహేను సార్లు రుచి చూశాకే ఇష్టం మొదలవుతుంది. మూడోసారికే "మా వాడికి పడదు" అని తీర్మానించేస్తాం. అందుకని దాచిన రోజే, అదే కాయను పళ్లెంలో ఒక మూల పెద్ద ముక్కగా పెట్టండి. ఒక్కటే ముక్క. తినమని అడగవద్దు, తింటే చప్పట్లు కొట్టవద్దు, మిగిల్చితే నిట్టూర్చవద్దు. మీరు మాత్రం ఎదురుగా కూర్చుని మీ పళ్లెంలోనిది ఇష్టంగా తినండి.

పిల్లలకు పూర్తి నమ్మకం ఉన్న ఒకటి రెండు పదార్థాల్లో ఏదీ కలపవద్దు. మా ఇంట్లో పెరుగన్నం అలాంటిది. జ్వరం వచ్చినా, ప్రయాణంలో ఉన్నా, బడిలో ఏడ్చి వచ్చినా ఆమె తినేది అదే. దాని మీద అనుమానం పుడితే పిల్లకు ఆకలి తీర్చుకునే చోటు ఉండదు.

అడిగితే నిజం చెప్పండి. వడ్డించేటప్పుడు నేను ప్రకటన చేయను. కానీ "నాన్నా, ఇందులో ఏముంది?" అని అడిగితే కందిపప్పు, టమాటా, సొరకాయ అని ఉన్నదున్నట్లు చెబుతాను. "చెబితే తినదు కదా" అని అమ్మ బాధపడింది. "ఈ పూట తినకపోతే రేపు తింటుంది అమ్మా. అబద్ధం చెప్పి దొరికితే ఇడ్లీని కూడా విప్పి చూస్తుంది" అన్నాను. నిజంగానే ఒకటి రెండు పూటలు తోసేసింది. తర్వాత నిన్న బాగున్న పప్పులో అదే ఉందని తనకు తానే చెప్పుకుని తింది. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ నోట్లో కుక్కడం కూడా నాకు నచ్చదు. ఏం తిన్నదో పిల్లకే తెలియకపోతే నేర్చుకునేది ఏముంటుంది?

తినే పదార్థాలు నెలనెలా తగ్గిపోతున్నా, బరువు పెరగకపోయినా, మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా, ఒక రకం తిండి మొత్తాన్నే చూడలేకపోతున్నా వంటింట్లో ఉపాయాలు వెతుక్కుంటూ కూర్చోకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక దాచడం ఎలా ఆపాలి? పప్పుగుత్తితోనే. పాప సొరకాయ పప్పును పేరు తెలిసి కూడా తింటున్నప్పుడు, మెదపడం కొద్దిగా ముందే ఆపేయండి. పప్పులో అక్కడక్కడా మెత్తని గడ్డలు మిగలనివ్వండి. ఇప్పుడు ముక్క తగిలినా అది ఎరిగిన రుచే. ఒకవేళ మళ్లీ పేచీ వస్తే ఒక వారం పూర్తిగా మెదపడానికి వెనక్కి వెళ్లండి, తప్పేమీ లేదు. మా ఇంట్లో ఇలా సొరకాయ, గుమ్మడి బయటికి వచ్చాయి. బీరకాయ ఇంకా సగంలో ఉంది. క్యారెట్‌ను పచ్చిగా కొరుకుతోంది, వండితే వద్దంటోంది, అలాగే కానిస్తున్నాం. బెండకాయను ఎప్పుడూ దాచలేదు. చీలికలు చేసి జిగురు పోయి కరకరలాడేలా వేయిస్తే బంగాళాదుంప వేపుడు పక్కన తనంతట తానే చోటు సంపాదించుకుంది. కాకరకాయకు ఇంకా చాలా సమయం ఉంది. వంకాయను మాత్రం అసలు ముట్టుకోదు, నేను కలిపి పెట్టను కూడా. అత్తయ్య గుత్తివంకాయ చేసిన రోజు పళ్లెంలో ఒక కాయ పెడతాం, పాప దాన్ని అన్నానికి దూరంగా జరుపుకుని చారు పోయమంటుంది, పోస్తాం.